చూచివ్రాత తరువాత?

తెలుగు పంతులుకు చైనా కంపెనీల గొడవ ఎందుకని మీరు అడుగవచ్చును. మా మైపాడు ఒడ్డున వలలు బాగుచేసుకొనే వారి చేతులలోని చరవాణులపై రెడ్‌మీ అన్న పేరు తరచుగా కనబడుతుంది. చేపలు దొరికే తావులను గురించి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సమాచారం మత్స్యకారులకు ఇటువంటి చవక చరవాణుల ద్వారా కూడా తెలుగులో అందుతున్నది. కాబట్టి ఇది మన ఇంటి సంగతే.

ఆ రెడ్‌మీని తెచ్చిన షావోమి 2010 ఏప్రిల్‌లో పుట్టింది. వస్తువుల అమ్మకంపై నికర లాభం 5 శాతానికి మించనీయమని 2018లో దాని అధిపతి లే జున్ ప్రకటించాడు. ఇది దానగుణం కాదు. చరవాణి చవకగా చేతికి వస్తే, ఆపైన ప్రకటనల ద్వారా, అంతర్జాల సేవల ద్వారా రాబడి వస్తూనే ఉంటుంది. ఆ రాబడిలో లాభం పాలు చాలా ఎక్కువ.

అయితే నన్ను ఆలోచింపజేసినది ఈ వ్యాపార సూత్రం కన్నా ఆ సంస్థ విద్యాభ్యాసం. బడిలో మేము పిల్లలకు మొదట చూచివ్రాత, పిదప ఉక్తలేఖనం, చివరకు స్వీయరచన నేర్పేవారం. షావోమి నడిచిన దారి అదే. గూగుల్ వారి ఆండ్రాయిడ్‌కు మెరుగులు దిద్దడంతో మొదలుపెట్టింది. 2011లో ఇతరుల భాగాలతో తొలి చరవాణిని కూర్చింది. 2017లో సొంత చిప్‌ను తెచ్చింది కాని, అది నిలదొక్కుకోలేదు. అయినా పట్టు విడువక 2025 మేలో 3 నానోమీటర్ల చిప్‌ను రూపొందించింది. దానిని అచ్చుపోసినది తైవానే అయినా రూపకల్పన తనది. నడుమ 2024లో విద్యుత్ కారును సైతం విపణికి తెచ్చింది.

మరి మన సంగతి? తడ దగ్గరి శ్రీసిటీలో తైవాన్ వారి ఫాక్స్‌కాన్ కర్మాగారం కూర్చిన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఆవిష్కరించారు. వెల 6,999 రూపాయలు. చిప్ అమెరికా వారి క్వాల్‌కామ్‌ది. కూర్పు మాత్రం మన ఆడపిల్లల చేతులది. ఆ కర్మాగారంలో అత్యధికులు మహిళలే. ఆ జీతం ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. దానిని చిన్నచూపు చూడను. కాని పదేళ్ళు గడచినా చూచివ్రాతలోనే ఉన్న విద్యార్థిని చూచి ఏ ఉపాధ్యాయుడు సంతోషించగలడు?

షావోమి మన దేశంలో 2017 చివర అందుకొన్న ప్రథమ స్థానాన్ని తరువాత పోగొట్టుకొన్నది. 2022లో ఈడీ విదేశీ మారకద్రవ్య చట్టం కింద దాని 5,551 కోట్ల రూపాయలను స్తంభింపజేసింది. సంస్థ ఆ ఆరోపణను ఖండించింది. అమ్మకాలలో స్థానాలు మారుతుంటాయి, నేర్చిన విద్య మాత్రం చెక్కుచెదరదు. అందుచేత ఆ సంస్థ భవిష్యత్తుకు బెంగలేదని నా అభిప్రాయం. బెంగ అంతా మన పిల్లల గురించే.

అదే శ్రీసిటీలో 2013 నుండి ట్రిపుల్ ఐటీ ఉన్నది. కర్మాగారానికీ ఆ విద్యాలయానికీ నడుమ దారి వేయాలి. మూడేళ్ళు పనిచేసిన అమ్మాయికి సాయంకాలపు తరగతులలో డిప్లొమా చదివే అవకాశం ఉండాలి. భూమి, రాయితీలు ఇచ్చే ప్రభుత్వం అందుకు ఈ ఒక్క షరతు పెట్టలేదా? కంపెనీ ఏ దేశానిదైనా సరే, రేపు మూటాముల్లె సర్దుకొని పోయినా నేర్పిన విద్య ఇక్కడే మిగలాలి. మీరేమంటారు?