మట్టి గుడిలో కాశ్మీర్ రంగులు

లద్దాఖ్‌లో బౌద్ధారామం అనగానే కొండకొమ్మున తెల్లగా మెరిసే కట్టడమే గుర్తొస్తుంది. ఆల్చి అలా ఉండదు. లేహ్‌కి పడమరగా దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, సింధునది ఒడ్డున, చదును నేలమీద ఒదిగి ఉంటుంది. పైకి చూస్తే మట్టి పూత గోడలూ మట్టి కప్పులే. విశేషమంతా లోపలే!

ఇక్కడి ఆలయాల్లో తలమానికం సుమ్‌చెక్. ఆ మాటకి మూడంతస్తులది అని అర్థం. 12వ శతాబ్దం మధ్యకాలానికీ 13వ శతాబ్దం మొదటికీ నడుమ దీన్ని కట్టారంటారు పరిశోధకులు. ముందువైపు చెక్క వసారా. దాని స్తంభాలూ తోరణాలూ అచ్చం కాశ్మీరీ పనితనం.

గడప దాటితే మూడు గోడల్లో మూడు గూళ్లు. ఒక్కోదాంట్లో 13 అడుగులకు పైగా ఎత్తున్న మట్టి విగ్రహం. అవలోకితేశ్వరుడు, మైత్రేయుడు, మంజుశ్రీ... ముగ్గురి తలలూ పై అంతస్తులోకి వెళ్లిపోతాయి. కింద నిలబడినవారి చూపు వాళ్లు కట్టిన పంచెల దగ్గరే ఆగిపోతుంది. అవలోకితేశ్వరుడి పంచె నిండా గుళ్లూ మేడలూ. మైత్రేయుడి పంచె మీద బుద్ధుడి జీవిత ఘట్టాలు. మంజుశ్రీ పంచె మీద 84 మంది సిద్ధులు. తలెత్తి చూస్తే కప్పు పలకల మీద కూడా బట్టల అద్దకాల్ని తలపించే రంగుల డిజైన్లే.

ఇంతకీ ఈ బొమ్మలకి అంత విలువెందుకు? అప్పటి కాశ్మీర్‌లోని బౌద్ధ ఆలయాల కుడ్యచిత్రాలు ఇప్పుడు అక్కడ మిగల్లేదు. ఆ చేతివాటం ఎలాంటిదో తెలియాలంటే ఆల్చికే రావాలి.

మట్టిమీద రంగులు ఇన్ని వందల ఏళ్లు నిలిచాయంటే పొడి వాతావరణం చలవే. లేహ్ ప్రాంతంలో ఏడాది మొత్తానికీ కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లే. ఆ లెక్కతోనే దూలాలు పరిచి, వాటిమీద పుల్లలేసి, మట్టితో కప్పు వేసేవారు పెద్దలు. మంచుకి తట్టుకునే ఆ కప్పు ఆగకుండా కురిసే వానకి ఆగదు. 2010 ఆగస్టులో లేహ్ పరిసరాల్లో కురిసిన కుంభవృష్టి 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. అలాంటి వానలు పెరిగితే ఆల్చికి ముప్పే. కప్పులోంచి కారే నీరు మట్టిని కరిగించుకుంటూ బొమ్మల మీదుగా దిగుతుంది.

పోనీ, కప్పుమీద మరింత మట్టి వేద్దామంటే బరువు పెరిగి పాత దూలాలు కుంగుతాయి. చెరిగినచోట కొత్తగా రంగులేద్దామంటే అది నాటి చిత్రకారుడి గీత కాదు. అందుకే ఉన్నదాన్ని ఊడకుండా నిలబెట్టడమే నిపుణులు ఎంచుకునే దారి.

ఈ గుళ్ల బాగోగులు చూసేది లికిర్ ఆరామం భిక్షువులు. లోపల ఫొటోలు తీయనివ్వరు. వెలుతురూ తక్కువే. కళ్లు చీకటికి అలవాటుపడేదాకా ఓపికపట్టండి... మైత్రేయుడి పంచెమీద బుద్ధుడి కథ ఒక్కో బొమ్మగా బయటపడుతుంది. గోడని మాత్రం ముట్టుకోకండి!