నక్కవేట - చట్టధిక్కారము

ఇంగ్లండు దేశమున శీతకాలపు ఉదయములందు చిరకాలము కానవచ్చిన దృశ్యమొకటి కలదు. ఎఱ్ఱకోటులు తొడిగిన రౌతులు గుఱ్ఱములెక్కి గుమిగూడుదురు. ముప్పది నలుబది వేటకుక్కలు నేల వాసన చూచుచు ముందు సాగును. వేటనాయకుడు కొమ్ముబూర నూదును. ఒక్క నక్క కొఱకు ఇంతటి సైన్యము! అది అలసి సొలసి నిలిచిపోవువఱకు తఱిమి కుక్కలచే చంపించుట ఆ వేటకు పరమావధి. మన పల్లెల పొలిమేరలలో రాత్రివేళ ఊళ వేయునది వేఱు నక్క. ఆ దేశపుది ఎఱ్ఱని బొచ్చును గుబురు తోకయును గలది. నీలగిరులలో కాపురమున్న ఆంగ్లేయులు ఎఱ్ఱనక్క దొరకక, మన నక్కనే కుక్కలచే తఱిమించి ముచ్చట తీర్చుకొనిరి. ఆ వినోదముపై వారికంతటి మక్కువ.

ఈ వేట క్రూరమని కొందఱును, గ్రామజీవనములో భాగమని కొందఱును ఆ దేశమున బహుకాలము వాదులాడిరి. బర్న్స్ ప్రభువు అధ్యక్షత వహించిన విచారణసంఘము 2000వ సంవత్సరమున నివేదిక నొసగెను. వేట నక్క క్షేమమునకు తీవ్రమైన భంగము కలిగించునని ఆ సంఘము తెలిపెను. 6,000 నుండి 8,000 వఱకు పూర్తికాలపు ఉద్యోగములు వేటపై ఆధారపడియున్నవనియు లెక్కగట్టెను. కావున వేటను కోరువారందఱును కఠినహృదయులని తలచుట పొరపాటు. గుఱ్ఱములకు లాడములు కొట్టువాడు, కుక్కలను పెంచువాడు, నక్క కోళ్ళను ఎత్తుకొనిపోగా విసిగిన రైతు - వీరి మాటలోను కొంత న్యాయము కలదు. 2002 సెప్టెంబరు 22న నాలుగు లక్షలకు పైగా జనులు లండను వీథులలో శాంతముగా నడచి తమ గోడు వినిపించిరి. దానిని నేను తప్పుపట్టను.

ఐనను ప్రజాప్రతినిధులసభ వేటను నిషేధింపవలెననియే తీర్మానించెను. ప్రభువులసభ అంగీకరింపలేదు. అంతట 1911, 1949 సంవత్సరముల పార్లమెంటు శాసనముల బలముచే ఆ చట్టము 2004 నవంబరు 18న ఆమోదము పొంది, 2005 ఫిబ్రవరి 18 నుండి ఇంగ్లండు, వేల్సులందు అమలులోనికి వచ్చెను. ఆమోదమునకు రెండు నెలల ముందు, 2004 సెప్టెంబరు 15న, సభలో చర్చ సాగుచుండగా వేట పక్షపాతులు ఐదుగురు సభామందిరములోనికి చొరబడిరి. బయట వేలకొలది జనము; పోలీసులతో పెనుగులాట; కొందఱి తలలు పగిలి నెత్తురు చిందెను. సభ కొంతసేపు నిలిచిపోయెను. 1642లో మొదటి చార్లెసు రాజు ఐదుగురు సభ్యులను పట్టుకొనుటకు సాయుధులతో ఆ సభలో అడుగిడెను. ఆ దుడుకుతనమునకు ఆంగ్లేయులు రాజునే క్షమింపలేదు. తమ ఓట్లతో ఏర్పడిన సభలోనికి ఆ దేశపు పౌరులే అట్లు దూకుట నాకు ఎంతయో వింతగా తోచినది.

చట్టము రాకముందే వేలాదిమంది దానిని పాటింపబోమని ప్రతిజ్ఞాపత్రముపై సంతకములు చేసిరి. అన్యాయమని తోచిన చట్టమును ధిక్కరించుట తప్పా, గాంధీమహాత్ముడును అట్లే చేసెను గదా యని మీరడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. 1930లో ఉప్పుచట్టమును ఉల్లంఘింపదలచిన గాంధీజీ, ముందుగా రాజప్రతినిధియైన ఇర్విన్ ప్రభువునకు లేఖ వ్రాసి తాను చేయబోవు పనిని తెలిపెను. అంతకు ముందే, 1921లో, మన చీరాల పేరాల జనులు పురపాలకసంఘపు పన్నుల భారము సహింపలేకపోయిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై ఇండ్లు వాకిళ్ళు విడిచి, ఊరిబయట రామనగరమున పాకలు వేసికొని, పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చి నివసించిరి. చట్టమును మార్చుటకు తగిన ఓటుబలము ఆనాడు ఆ సామాన్యులకు లేదు. ఇంగ్లండు వేటగాండ్రకు అది కలదు. తాము బాధపడి ఎదుటివారి మనసు మార్చుట యొక త్రోవ. ఎదుటివారిని బాధించి తమ పని సాగించుకొనుట మఱియొకటి. రెండింటిని ఒకే పేరున పిలుచుటకు నేనొప్పను.

సంతకములు చేసినవారు ఆ మాటమీదనైన నిలిచిరా? బహిరంగముగా వేటాడి చెఱసాలకు పోయెదమన్నవారి సందడి త్వరలోనే చల్లబడెను. దానికి బదులుగా వాసనవేట యనునది వ్యాపించెను. ఒకడు నక్కవాసన పూసిన గుడ్డను నేలపై నీడ్చుకొనిపోవును. కుక్కలు ఆ జాడను పట్టి పరువెత్తును. ఇది చట్టసమ్మతమే. నడుమ నిజమైన నక్క ఎదురుపడి కుక్కలు దానిని చంపినచో, అనుకోకుండ జరిగినదందురు. బుద్ధిపూర్వకముగా వేటాడినట్లు రుజువైననే శిక్ష పడును. మనసులోని ఉద్దేశమును రుజువు చేయుట సులభము కాదు. ఐనను కొన్నిసార్లు రుజువైనది. 2012లో హీత్రాప్ అను పేరుగల వేటసంఘము ఆక్స్‌ఫర్డు న్యాయస్థానమున నేరము ఒప్పుకొని జరిమానా చెల్లించెను. 2020లో వేటపెద్దలు అంతర్జాలమున జరుపుకొన్న సమావేశపు మాటలు బయటపడెను. వాసనవేటను ముసుగుగా వాడుకొనుడని సలహా చెప్పెనని 2021లో క్రింది న్యాయస్థానము ఒక ప్రముఖుని దోషిగా నిర్ణయించెను. 2022లో పై న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. కొట్టివేసినందున ఆయనను దోషియనుట తగదు. కాని నేషనల్ ట్రస్టు అను సంస్థ అప్పటికే, 2021లో, తన భూములలో ఇట్టి వేటకు అనుమతులిచ్చుట పూర్తిగా మానివేసెను.

దౌర్జన్యము సంగతి ఇంతకంటె బాధాకరము. 2016లో లెస్టర్‌షైరు ప్రాంతమున ఒక వేటను గమనించుచున్న ఇద్దఱు పరిశీలకులపై కొందఱు పడి కొట్టిరి. వారిలో నొకడు పూర్వము పోలీసు ఉద్యోగి. ఎత్తైన చోటినుండి క్రిందికి త్రోయగా అతని మెడయెముక విరిగెను. 2018లో తండ్రీకొడుకులిద్దఱు నేరమును ఒప్పుకొనిరి; న్యాయాధిపతి కారాగారశిక్ష విధించి దాని అమలును నిలిపియుంచెను. దాడిలో పాల్గొన్న తక్కినవారు ముఖములకు ముసుగులు వేసికొనియుండుటచే వారెవరో తేలలేదు. ఏ యుప్పుసత్యాగ్రహి ముఖము కప్పుకొని సముద్రతీరమునకు పోయెను?

వేటను అడ్డగింపవచ్చువారిలోను ముసుగులవారు కలరు. వారి నోటిదురుసును గూర్చియు ఫిర్యాదులున్నవి. 2009లో వేట పక్షపాతియొకడు, వేటను గమనించువారి చిన్న విమానపు ఱెక్క తగిలి మరణించెను. దానిని నడిపినవానిని మఱుసటి యేట న్యాయస్థానము నిర్దోషియని విడిచిపెట్టెను. ఎవరి పక్షపువాడైనను పోయినది మనుష్యప్రాణము. ఆ సంవత్సరపు లెక్కలలో నక్కలను గూర్చి మాటలాడుటకే సిగ్గు కలుగును.

2024 ఎన్నికలలో లేబరు పార్టీ వాసనవేటను గూడ నిషేధింతుమని వాగ్దానము చేసి అధికారమునకు వచ్చెను. మా వినోదములో నక్కకు హాని లేదు, దీనిని కూడ తీసివేయుదురా యని వేట పక్షపాతులు వాపోవుచున్నారు. వారినొక ప్రశ్న అడుగ బుద్ధియగుచున్నది. ఏ జంతువు వాసనయు లేని కృత్రిమమైన జాడ నేర్పఱచి, ముందుగా నిర్ణయించిన మార్గమున కుక్కలను పరువెత్తించు పందెములు ఆ దేశముననే చిరకాలముగా కలవు. గుఱ్ఱమున్నది, కొమ్ముబూర యున్నది, శీతకాలపు ఉదయమును ఉన్నది. మఱి వారి కుక్కలకు నక్కవాసనయే యేల కావలయును?