దేవుడు వేరైనా యాత్రికుడి తిప్పలు ఒకటే

అమీర్‌పేట పేరులో సగం ఉర్దూ, సగం తెలుగు. అమీర్ వాళ్ల మాట, పేట మన మాట అని విడదీయబోతే ఊరే మిగలదు. పంజాగుట్ట కూడా అంతే. పంజా అటు నుంచి వచ్చింది, గుట్ట ఇక్కడిదే. ఈ రెండింటి మధ్య దూరం మెట్రోలో ఒక్క స్టేషన్. ఈ కాస్త చుట్టుపక్కలే బల్కంపేట ఎల్లమ్మ గుడి ఉంది, ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడి ఉంది. సాయంత్రమైతే షిర్డీకి వెళ్లే ప్రైవేటు బస్సులు అమీర్‌పేట, ఎస్సార్ నగర్ రోడ్ల మీద జనాన్ని ఎక్కించుకుంటాయి. కార్తీకం వచ్చిందంటే నల్లబట్టల స్వాములు కనబడతారు. ఇదే మెట్రో లైన్లో ముందుకెళ్తే నాంపల్లి. అక్కడ హజ్ హౌస్, యూసుఫైన్ దర్గా. అంటే ఒకే రైలు పెట్టెలో ఎల్లమ్మకు మొక్కు తీర్చుకుని వస్తున్నవాళ్లు, హజ్ కాగితాల కోసం పోతున్నవాళ్లు పక్కపక్కనే నిలబడి ఉంటారు.

వీళ్ల నమ్మకాలు వేరు. కానీ ఇంటి నుంచి బయల్దేరి క్షేమంగా ఇంటికి చేరే దాకా వీళ్లు పడే కష్టాలు మాత్రం వేరు కాదు. ఆ సంగతిని మన ప్రభుత్వాలు గానీ, మనం గానీ సరిగ్గా పట్టించుకోవడం లేదు.

హజ్‌కు లెక్క ఉంది, ఉమ్రాకు లేదు

2025 నవంబర్ 17 హైదరాబాద్ మర్చిపోలేని రోజు. మక్కా నుంచి మదీనాకు వెళ్తున్న ఉమ్రా యాత్రికుల బస్సు ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొని కాలిపోయింది. 45 మంది చనిపోయారు, ఒక్కరే బతికారు. ఒకే కుటుంబంలో 18 మంది పోయారు. తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 5 లక్షల చొప్పున సాయం ప్రకటించింది, మంత్రి అజారుద్దీన్ నాయకత్వంలో బృందాన్ని పంపింది. చనిపోయినవాళ్లను మదీనాలోనే జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.

సాయం అందింది, సంతాపం చెప్పారు. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఉమ్రాకు మన దగ్గర నుంచి ఎవరు, ఎవరి ద్వారా, ఏ ఒప్పందం మీద వెళ్తున్నారో చూసేది ఎవరు?

హజ్ సంగతి వేరు. దానికి 2002 నాటి హజ్ కమిటీ చట్టం ఉంది. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటుంది, కోటా ఉంటుంది. 2025లో మన దేశానికి 1,75,025 సీట్లు దక్కాయి. ఆరోగ్య పరీక్ష, టీకాలు, శిక్షణ క్యాంపులు, వెంట వచ్చే ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. లోపాలు లేవని కాదు. అదే 2025లో ప్రైవేటు ఆపరేటర్ల కోటాలోని 52 వేలకు పైగా సీట్లు అయోమయంలో పడ్డాయి. గడువులోగా ఒప్పందాలు పూర్తి చేయలేదని ప్రభుత్వం అంది, తప్పు తమది కాదని ఆపరేటర్లు అన్నారు. చివరికి సౌదీ 10 వేల మందికి మాత్రం దారి తెరిచింది. ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి డబ్బు కట్టినవాళ్లు ఎహ్రామ్ బట్టలు సర్దుకుని ఇంట్లోనే ఉండిపోయారు.

అయినా అక్కడ అడగడానికి ఒక కమిటీ ఉంది, ఒక మంత్రిత్వ శాఖ ఉంది. ఉమ్రాకు అదీ లేదు. అది యాత్రికుడికీ ట్రావెల్ ఏజెంటుకూ మధ్య బేరం. ప్యాకేజీ ఎంత, హోటల్ హరమ్‌కు ఎంత దూరం అని అందరూ అడుగుతారు. అక్కడ ఎక్కించే బస్సు ఎవరిది, రాత్రి ప్రయాణమా, పగలా అని అడిగేవాళ్లు తక్కువ. ఉమ్రా వీసా రుసుములోనే బీమా కలిసి ఉంటుంది. ఆ కాగితం కాపీ చేతికి ఇవ్వమని అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

షిర్డీ బస్సు, గుడి క్యూ

ఇప్పుడు ఇటు చూడండి. అమీర్‌పేటలో షిర్డీ బస్సెక్కే కుటుంబం పరిస్థితి కూడా ఇదే. రాత్రంతా ప్రయాణం. డ్రైవర్ ఎన్ని గంటల నుంచి నిద్ర లేకుండా ఉన్నాడో తెలియదు. శబరిమలకు మినీ బస్సు మాట్లాడుకున్న స్వాముల సంగతీ అంతే. సర్కారు బస్సైతే అన్నీ సవ్యంగా ఉంటాయనుకోవడానికీ లేదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

క్షేత్రానికి చేరాక జన సమ్మర్దం. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తోపులాట జరిగి ఆరుగురు చనిపోయారు. అదే నెల 29న ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రభుత్వ లెక్క ప్రకారమే 30 మంది. నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో తొమ్మిది మంది. కాశీబుగ్గది ప్రైవేటు గుడి అని అధికారులు అన్నారు. ప్రైవేటు అనగానే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతోంది. ఉమ్రా విషయంలోనూ వినబడేది ఆ మాటే.

బల్కంపేటలో అమ్మవారు భూమట్టానికి దిగువన కొలువై ఉంటుంది. ఆషాఢంలో కల్యాణం నాడు ఆ ఇరుకు వీధుల్లో జనం ఎంత కిక్కిరిసిపోతారో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2024 జూలై 9న కల్యాణానికి వచ్చిన మంత్రి పొన్నం ప్రభాకర్, మేయర్ గద్వాల విజయలక్ష్మిలకే తోపులాట తప్పలేదు. మంత్రి అలిగి గుడి దగ్గరే కూర్చున్నారు. మంత్రికి అలగడానికైనా వీలుంది. మనవడిని చంకనెత్తుకుని వచ్చిన ముసలమ్మ ఎవరి మీద అలగాలి?

సౌదీలోనూ జనసమ్మర్దం, ఎండ ప్రాణాలు తీస్తాయి. 2024 హజ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది అధికారిక అనుమతి లేకుండా వెళ్లినవాళ్లేనని సౌదీ ప్రభుత్వం చెప్పింది. అనుమతి లేకపోతే ఏసీ టెంటు లేదు, బస్సు లేదు. ఎండలో నడకే. తక్కువ ధరకు తీసుకెళ్తానన్న దళారీ అప్పుడు పక్కన ఉండడు.

సబ్సిడీ గొడవ

ఈ అసలు సంగతులు పక్కనబెట్టి మన దగ్గర చర్చ ఎప్పుడూ ఒక్కచోటే తిరుగుతుంది. వాళ్లకు ఇచ్చారు, మాకు ఇవ్వలేదు. హజ్ సబ్సిడీ ఇంకా నడుస్తోందని నమ్మేవాళ్లు ఈ రోజుకీ ఉన్నారు. పదేళ్లలో దాన్ని ఎత్తేయాలని 2012 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు కంటే ముందే, 2018 జనవరిలో, కేంద్రం ఎత్తేసింది. అది ఉన్న రోజుల్లో కూడా విమాన టికెట్ రూపంలో ఉండేది కాబట్టి, లాభం హాజీకా, ఎయిర్ ఇండియాకా అని ముస్లింలే అడిగేవారు.

ఇంకోవైపు కైలాస మానససరోవర యాత్రికులకు కర్ణాటక, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలు డబ్బు సాయం చేస్తున్నాయి. జెరూసలేం వెళ్లే క్రైస్తవులకు ఆంధ్రప్రదేశ్ 2019లో సాయాన్ని 60 వేల దాకా పెంచింది. జీఎస్టీ మినహాయింపు జాబితాలో అయితే హజ్ కమిటీ పేరు, కైలాస యాత్ర నడిపే కుమావూ మండల్ వికాస్ నిగమ్ పేరు పక్కపక్కనే ఉంటాయి. చట్టం దృష్టిలో ఇద్దరూ యాత్రికులే. ఆ మినహాయింపు తమకూ ఇవ్వాలన్న ప్రైవేటు హజ్ ఆపరేటర్ల వాదనను 2022 జూలైలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

నిజంగా అందరికీ ఉపయోగపడిన పథకం వేరే ఉంది. 2023 డిసెంబర్ 9న మొదలైన మహిళల ఉచిత బస్సు. దాన్లో వేములవాడకు పోయే ఆమె, జహంగీర్ పీర్ దర్గాకు పోయే ఆమె, మెదక్ చర్చికి పోయే ఆమె ఒకే సున్నా టికెట్ తీసుకుంటారు. కండక్టర్ మతం అడగడు.

జనం ఎప్పుడో కలిశారు

మామూలు జనానికి ఈ కలుపుగోలుతనం కొత్త కాదు. ఉగాది నాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు కొబ్బరికాయలతో వెళ్తారు. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకునే చేతుల్లో హిందువులవే బోలెడు. తెలంగాణ పల్లెల్లో పీర్లను ఎత్తుకునేది ముస్లింలు ఒక్కరే కాదు. కుంభమేళా తొక్కిసలాట రాత్రి ప్రయాగ్‌రాజ్‌లో చిక్కుకుపోయినవాళ్లకు అక్కడి ముస్లింలు మసీదులు, ఇళ్లు తెరిచి చాయ్, అన్నం, దుప్పట్లు ఇచ్చారు. ఆపద వచ్చిన రోజు ఉన్న ఈ బుద్ధి మామూలు రోజుల్లో, అడగాల్సిన చోట కూడా ఉండాలి.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. తీర్థయాత్రలు నడిపే ఏజెంట్లందరికీ, ఉమ్రా అయినా, షిర్డీ అయినా, జెరూసలేం అయినా, రాష్ట్రంలో ఒకే రిజిస్ట్రేషన్ పెట్టాలి. డబ్బు కట్టినప్పుడే రసీదు, బస చిరునామా, బీమా కాగితం తెలుగులో, ఉర్దూలో ఇవ్వాలన్న నిబంధన ఉండాలి. రాత్రి బస్సుకు రెండో డ్రైవర్ తప్పనిసరి కావాలి. గుడైనా, దర్గా అయినా, ప్రైవేటుదైనా, సర్కారుదైనా, పెద్ద రద్దీకి పోలీసుల ముందస్తు అనుమతి, డాక్టర్ ఉండాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జూలై 14న రాజమండ్రి ఘాట్‌లో మొదటి రోజే 27 మందిని పోగొట్టుకున్నాం. సిద్ధం కావడానికి ఇదే సమయం.

అప్పటిదాకా మన జాగ్రత్త మనదే. నగదు కట్టి రసీదు లేకుండా రావద్దు. మోసపోతే ఊరుకోవద్దు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సేవలకు ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. అమ్మీజాన్‌ను ఉమ్రాకు పంపినా, అమ్మమ్మను షిర్డీ బస్సెక్కించినా, ఏజెంటు పేరు, బస్సు నంబరు, బీమా కాగితం ఫోటో ఇంట్లో ఒకరి ఫోన్లో ఉంచుకోండి.