మీట నొక్కకూడని వాచీలు

పాత రేసింగ్ క్రోనోగ్రాఫ్‌లు సేకరించేవాళ్లకి సొంత నిఘంటువు ఒకటుంది. పాలిష్ పట్టని కేస్ అయితే అది "నిజాయితీ గల" వాచీ. నల్ల డయల్ వెలిసిపోయి గోధుమరంగుకి తిరిగితే "ట్రాపికల్". రంగు నిలవలేదని దానర్థం, కానీ ఆ లోపానికే రేటెక్కువ. అరవైల నుంచి స్విస్ వాచీల ముళ్ల మీద చీకట్లో కనబడ్డానికి ట్రిటియం పూసేవారు. దాని అర్ధాయువు పన్నెండేళ్ల పైచిలుకు. ఆ వెలుగు ఎప్పుడో ఆరిపోయి ఇప్పుడు మీగడరంగు మచ్చలు మిగిలాయి. ఆ ఆరిపోయిన పూతే ఉండాలట. ఎవరైనా కొత్త పూత వేయించుకుని రాత్రిపూట టైం చూసుకున్నారా, ధర పడిపోయినట్టే.

నేనూ నాలుగేళ్లు ఈ పిచ్చిలో ఉన్నవాణ్ణే. ఆఫీసు కాల్స్ మ్యూట్‌లో పెట్టి వేలం కేటలాగులు తిరగేసినవాణ్ణే. అందుకే ఇంత కోపం.

మా మావయ్య డెబ్బైల చివర్లో అమలాపురం నుంచి కువైట్ వెళ్లాడు. మొదటి సెలవుకి వచ్చినప్పుడు చేతికి సీకో 6139 ఉంది. 1969లో వచ్చిన మోడల్, మొట్టమొదటి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫుల్లో ఒకటి. డయల్ చుట్టూ వేగం కొలిచే టాకీమీటర్ స్కేలు. ఇసక లారీల మధ్య సైకిల్ తొక్కే మనిషికి ఆ స్కేలుతో ఏం పని అని అడక్కండి, ఆయన దాంతో మా పరుగుపందేలు కొలిచేవాడు. లోపలికి నీళ్లు దిగి డయల్ పాడైతే రాజమండ్రిలో ఒక రిపేరాయన చేత రంగు వేయించాడు. అంకెలు కాస్త లావుగా పడ్డాయి. మావయ్య పోయాక అత్త దాన్ని నా చేతిలో పెట్టింది. తెలిసిన కలెక్టర్ ఒకాయనకి చూపించాను. భూతద్దం పెట్టి అలా చూసి, "రీడయల్, బ్రదర్. పార్ట్స్‌కి పనికొస్తుంది," అన్నాడు.

ఒక మనిషి ముప్పయ్యేళ్లు కట్టుకుని, ఆగినప్పుడల్లా బాగుచేయించుకున్న వస్తువు పార్ట్స్! కొని బీరువాలో పడేసి మర్చిపోయినవాడి వాచీ మాత్రం "మింట్".

రంగు వేసిన డయల్‌ని అసలుదని చెప్పి అమ్మడం మోసమే, ఒప్పుకుంటాను. చెప్పి అమ్మడానికీ చెప్పకుండా అమ్మడానికీ తేడా ఉంది. కానీ ఈ పెద్దలు మోసాన్నీ మరమ్మత్తునీ ఒకే గాటన కట్టేస్తారు. గట్టిగా అడిగితే, తాళపత్ర ప్రతిని దిద్దితే ఊరుకుంటారా అని ఎదురడుగుతారు. మంచి ప్రశ్నే. అయితే ప్రతుల్ని పరిష్కరించేవాళ్లు చేసే పనేంటి? లేఖకుడు మార్చిన చోట పాఠభేదం అని గుర్తించి నమోదు చేస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో వెతుకుతారు. ప్రతిని చింపి అట్టలు అమ్ముకోరు.

అసలు ఈ వాచీలు దేనికి చేశారో చూడండి. రోలెక్స్ 6239 వచ్చింది 1963లో. డేటోనా అన్న పేరు ఫ్లోరిడాలోని రేస్ ట్రాక్‌ది. మైలు మొదట్లో మీట నొక్కి, చివర ఆపితే, ముల్లు నిలిచిన చోట గంటకెన్ని మైళ్లో కనిపిస్తుంది. 45 సెకన్లయితే 80. కళ్లు రోడ్డు మీద ఉండగా, వేలితో తడుముకుని నొక్కడానికి చేసిన పరికరం. ఇప్పుడు దాని ఆదర్శ స్థితి ఏమిటంటే, ఆ మీట ఎవరూ ఎన్నడూ నొక్కి ఉండకపోవడం.

ఇంతకీ ఈ మోడల్‌కి కీర్తి తెచ్చిందెవరు? సినిమా నటుడు, రేసర్ పాల్ న్యూమన్. భార్య జోన్ వుడ్‌వర్డ్ వెనక మూత మీద జాగ్రత్తగా నడపమని చెక్కించి ఇచ్చిన వాచీని ఆయన కట్టుకుని తిరిగాడు. 1984లో, ఇంట్లో పని చేస్తున్న కూతురి స్నేహితుడికి దాన్ని ఊరికే ఇచ్చేశాడు. ఆ వాచీ 2017 అక్టోబర్ 26న న్యూయార్క్‌లో ఫిలిప్స్ వేలంలో 1,77,52,500 డాలర్లు పలికింది. చేతివాచీల్లో అప్పటికి అదే రికార్డు. మామూలు వాచీ వెనక ఎవరిదో పేరు, ఎవరిదో ప్రేమ చెక్కి ఉంటే బేరంలో ఓ మెట్టు దిగాల్సిందే. ఇక్కడ ఆ చెక్కుడుకే కోట్లు. అంటే వీళ్లకి వాడకం మీద కోపం లేదు. గీతలమీదా లేదు. వాడినవాడు ఎవడన్నదే లెక్క. "కండిషన్" అంటూ సూక్ష్మదర్శిని భాషలో వీళ్లు చెప్పేది వాచీ గురించి కాదు, దాన్ని కట్టుకున్న మనిషి స్థాయి గురించి. కువైట్‌లో చెమటోడ్చినవాడి గీతలు డ్యామేజీ, హాలీవుడ్ వాడి గీతలు చరిత్ర.

నా కోపం వల్ల మార్కెట్ ఒక్క డాలరు కూడా దిగదని నాకు తెలుసు. అయినా ఈ మధ్య మావయ్య వాచీలో రీసెట్ మీట నొక్కితే పెద్ద ముల్లు 12 దగ్గర ఆగకుండా కాస్త పక్కకి ఆగుతోంది. శనివారం కోఠీ తీసుకెళ్తున్నాను. కేస్ కూడా పాలిష్ పట్టమంటారా అని రిపేరాయన అడుగుతాడు, ఎప్పుడూ అడుగుతాడు. పట్టమంటాను.