రాయి మీద రాసిన మాట

ఆన్‌సైట్ మీద ఇంగ్లండ్ వెళ్ళిన మనవాళ్ళు డెర్బీషైర్ వైపు వెళ్తే, ఈయమ్ అనే ఊళ్ళో చర్చి పక్కన రాతి శిలువ దగ్గర ఆగుతారు. వెయ్యేళ్ళు దాటిన రాయి. ఫోటోలు తీసుకుని "వాళ్ళెంత బాగా కాపాడుకున్నారో!" అంటారు. నిజమే. కానీ మన గుంటూరు జిల్లాలోనూ అలాంటి పాత రాయి ఒకటుంది. దాని మీద లెక్కలు కూడా ఉన్నాయి.

మాది ప్రత్తిపాడు. అక్కణ్ణుంచి గుంటూరు దాటి తుళ్ళూరు వైపు వెళ్తే, మందడం పక్కనే మల్కాపురం. అక్కడున్న శాసన స్తంభం ఎత్తు 14 అడుగుల పైమాటే. 1261లో, రుద్రమదేవి కాలంలో వేయించారు. విషయం ఏంటంటే, గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శంభువుకు మందడం ఇస్తానని మాటిచ్చాడు. కూతురు ఆ మాట నిలబెట్టి, వెలగపూడి కూడా కలిపి ఇచ్చింది. ఆ ఆదాయంలో గుడికెంత, మఠానికీ విద్యార్థులకీ ఎంత, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రాలకెంత అన్నది రాయి మీదే ఉంది. చదువు చెప్పేవాళ్ళు, వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, వంటవాళ్ళు... అందరి లెక్కా ఉంది. మన భాషలో చెప్పాలంటే పక్కా రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్.

సంస్కృతంలో ఉంటే రైతుకేం అర్థమవుద్ది అంటారా? ఒప్పుకుంటా. ఊళ్ళు ఇచ్చింది రాజులు, దున్నింది రైతులు. అయినా ఇచ్చిన మాటని పదిమందీ తిరిగేచోట నిలబెట్టారు చూడండి, నాకు నచ్చింది అదీ.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. 2015లో అదే మందడం, అదే వెలగపూడితో సహా రాజధాని గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా పూలింగ్‌లో ఇచ్చారు. బదులుగా ప్లాట్లు, పదేళ్ళ కౌలు అన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. రైతులు నాలుగేళ్ళకు పైగా శిబిరాల్లో కూర్చున్నారు. ఏ పార్టీది తప్పు అన్న గొడవ నాకొద్దు. ఎవరికి ఎన్ని గజాలు, ఎక్కడ, ఎప్పటిలోగా అన్నది ఫైళ్ళలోనూ వెబ్‌సైట్లలోనూ ఉంటే చాలదని మాత్రం అంటున్నా.

ప్రతి రాజధాని గ్రామంలో ఒక రాయి పాతండి. అచ్చ తెలుగులో, పెద్దక్షరాలతో ఒప్పందం చెక్కించండి. రాయి మీద రాసినంత మాత్రాన అమలవుతుందా? గ్యారంటీ లేదు. కానీ దాని ముందునుంచి రోజూ కారులో వెళ్ళేవాడికి మాట మార్చాలంటే కాస్త సిగ్గేస్తుంది. ఏమంటారు?