మాట పుట్టకముందే అమ్మనుడి

కిందటి నెలలో హోసూరు పక్క పల్లెలో, బిడ్డను తొట్టెలో వేసే వేడుకకు వెళ్లాను. పెద్దలు తమలో తాము తెలుగే మాట్లాడుకుంటున్నారు. బిడ్డ దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరి నోటా ఇంగ్లీషే. తెలుగులో పలకరించరాదా అని అడిగాను. "వానికింకా మాటలే రాలేదు గదన్నా, ఏ భాషయితే ఏమి?" అన్నది ఆ తల్లి. అప్పుడు సరైన బదులు చెప్పలేకపోయాను. ఆ బదులు అందరికీ అవసరమేనని ఇక్కడ రాస్తున్నాను.

మాట రాని బిడ్డకు భాష లేదనుకోవడం పొరపాటు. కడుపులో ఉండగానే శిశువు తల్లి గొంతు వింటుంది. జర్మనీలో కాత్లీన్ వెర్మ్‌కే బృందం పుట్టి అయిదు రోజులైనా దాటని 30 మంది ఫ్రెంచి, 30 మంది జర్మను శిశువుల ఏడుపులను పోల్చి, 2009లో ఫలితాలు ప్రకటించింది. ఫ్రెంచి బిడ్డల ఏడుపు కింది నుండి పైకి లేచింది; జర్మను బిడ్డలది పై నుండి కిందికి దిగింది. తల్లుల భాషల తీరే అది. తొలి ఏడుపులోనే అమ్మనుడి రాగం ఉన్నదన్నమాట.

1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ మరొక సంగతి చూపారు. ఇంగ్లీషు ఇళ్లలోని ఆరు, ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని త, ట ధ్వనుల తేడాను పట్టగలిగారు. ఏడాది నిండే నాటికి ఆ నేర్పు చాలావరకు సన్నగిల్లింది. వినని ధ్వనిని చెవి వదులుకుంటుంది. ఈ తేడా తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీలలోనూ ఉన్నదే. కనుక మన పోరు పొరుగు భాషలతో కాదు.

ఆస్ట్రేలియాలో ఫెయిరీ రెన్ అనే చిన్న పిట్ట పొదిగే గుడ్లకే తన పిలుపు వినిపిస్తుంది. పిల్లలు బయటికి వచ్చాక ఆ పిలుపులోని ముక్కతోనే మేత అడుగుతాయి. 2012లో వెలువడిన పరిశోధనలో గుడ్లను వేరే గూటికి మార్చి చూడగా, పిల్లలు పెంపుడు తల్లి పిలుపునే పలికాయి. నుడి నెత్తుటిలో రాదు, వినికిడిలో వస్తుంది. తెలుగింట పుట్టినంత మాత్రాన తెలుగు రాదు.

చిన్న బడుల్లో అమ్మనుడిలో చదువుకు వీలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతున్నది. దాని అమలుకై ఏలికలను నిలదీస్తూనే ఉందాం. అయితే బడి మొదలయ్యేది అయిదేళ్లకు. చెవి తెరిచేది కడుపులోనే. తొట్టెలో మనమే వదిలేసిన నుడిని బడిలో ఇమ్మని ఏ నోటితో అడుగుతాం?

చెల్లెమ్మా, నా బదులు ఇదే. వాడికి మాటలు రాలేదు, నిజమే. కానీ వింటున్నాడు. తెలుగులో పలకరించు.