వీపు కింద చలి

గత ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి నా చెల్లెలి నుండి ఫోను వచ్చింది. “భాయీజాన్, వాడికి మీరే చెప్పాలి. నా మాట వినడం లేదు” అన్నది. ఆమె కుమారుడు అమెరికాలోని అట్లాంటా నగరంలో చదువుకొంటున్నాడు. మార్చి నెల సెలవులలో ఇద్దరు మిత్రులతో కలిసి ఐదు రోజులు అడవి కొండలలో నడుస్తాడట. రాత్రివేళ చెట్లకు ఉయ్యాల కట్టుకొని అందులోనే నిద్రిస్తాడట. “నేల మీద పడుకోవడానికే భయపడవలసిన చోట గాలిలో వేలాడడమేమిటి?” అన్నది ఆమె ఆవేదన.

నిజం చెప్పాలంటే, వద్దని ఒక్క మాటతో తేల్చివేయాలనే నేనూ అనుకొన్నాను. కాని తెలియని విషయంపై తీర్పు చెప్పరాదని ముప్పై ఏళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నవాణ్ణి. ఆ నియమాన్ని నా ఇంటిలోనే ఎలా మీరగలను? అందుచేత ముందుగా మేనల్లుడినే అడిగి తెలుసుకొన్నాను.

వాడు నడవదలచిన బాట పేరు అపలాచియన్ ట్రెయిల్. జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ పర్వతం వద్ద మొదలై, 14 రాష్ట్రాల మీదుగా సాగి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ పర్వతం వద్ద ముగుస్తుంది. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. బెంటన్ మెకాయ్ అనే ఆయన 1921లో ఈ బాటను ప్రతిపాదించగా, 1937 నాటికి అది పూర్తయింది. మొత్తం బాటను ఒకే యాత్రలో నడవదలచినవారికి ఐదు నుండి ఏడు నెలలు పడుతుంది. మావాడు నడవదలచినది మాత్రం మొదటి 50 కిలోమీటర్లే, స్ప్రింగర్ నుండి నీల్ గ్యాప్ అనే కనుమ వరకు.

ఇక ఉయ్యాల పడక సంగతి. దానిని అక్కడ హ్యామక్ అంటారు. ఆ మాట కరీబియన్ దీవులలోని ఆదివాసుల భాష నుండి వచ్చింది. 1492లో కొలంబస్ వెంట వెళ్లిన నావికులు, ఆ ప్రజలు నూలు వలలలో నిద్రించడం చూశారు. తరువాతి కాలంలో ఐరోపా ఓడలలోని నావికులకు అదే పడక అయింది. నేటి బాటసారులు వాడేది పలుచని నైలాన్ గుడ్డ. కొండవాలులో చదునైన నేల దొరకనప్పుడు, వానకు నేల చిత్తడిగా ఉన్నప్పుడు అది ఎంతో ఉపయోగకరం. రెండు గట్టి చెట్లు దొరికితే చాలు, కింద రాళ్లున్నా వేళ్లున్నా చింత లేదు.

అయితే కట్టడంలో ఒక లెక్క ఉన్నది. పట్టీ నేలకు సుమారు 30 డిగ్రీల కోణంలో వాలి ఉండాలి. అప్పుడు ఒక్కొక్క పట్టీపై పడే లాగుడు మనిషి బరువుకు సమానంగా ఉంటుంది. పది డిగ్రీల వరకు బిగిస్తే ఆ లాగుడు దాదాపు మూడింతలవుతుంది. చెట్టు బెరడు కోసుకుపోకుండా సన్నని తాటికి బదులు వెడల్పైన పట్టీ చుట్టాలి. పడుకొనేటప్పుడు నిలువుగా కాక ఏటవాలుగా పడుకోవాలి. అప్పుడే నడుము వంగక దాదాపు చదునుగా ఉంటుంది. పైన వానకు టార్పాలిన్, చుట్టూ దోమతెర. ఇదంతా వాడు ఎంతో ఉత్సాహంగా వివరించాడు.

మరునాడు ముగ్గురమూ వీడియో కాల్‌లో మాట్లాడుకొన్నాము. చెల్లెలు చాలాసేపు మౌనంగా విని, “కింద ఏమి పరుస్తావు బేటా?” అని అడిగింది.

“స్లీపింగ్ బ్యాగ్ ఉంది అమ్మీ. గడ్డకట్టే చలికి కూడా ఆగుతుంది.”

“అది పైన. నేనడిగేది వీపు కింద సంగతి. నీవు పసివాడిగా ఉన్నప్పుడు చీర ఉయ్యాలలో పడుకోబెట్టేదాన్ని. చలికాలంలో పైన ఎన్ని కప్పినా, కింద బొంత మడిచి వేయనిదే నీవు నిద్రపోయేవాడివి కావు. కింది గాలి గుడ్డలోంచి తగిలేది.”

వాడు బదులు చెప్పలేదు. ఆ విషయమే వాడు ఆలోచించలేదు!

తరువాత విచారించగా తెలిసినదేమంటే, ఉయ్యాల పడకలో కొత్తవారికి ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఇదే. స్లీపింగ్ బ్యాగ్‌లోని ఈకలు లేదా దూది తమలో గాలిని నిలిపి ఉంచడం ద్వారానే వెచ్చదనాన్నిస్తాయి. మనిషి బరువుకు వీపు కింది భాగం నలిగితే ఆ గాలి పోతుంది. నేలపై గుడారంలోనూ కింద పరుపు అవసరమే, కాని ఉయ్యాలలో అడుగున చల్లని గాలి ఆగకుండా వీస్తూనే ఉంటుంది. అందువల్ల అనుభవజ్ఞులు ఉయ్యాల గుడ్డకు వెలుపల, అడుగు భాగాన ఒక బొంతను వేలాడదీస్తారు. బరువు దానిపై పడదు కనుక అది నలగదు. దాని వెల భరించలేనివారు బరువుకు అణగని ఫోమ్ చాపను లోపల పరచుకొంటారు. మార్చిలో ఆ కొండలపై రాత్రులు సున్నా డిగ్రీల కంటే దిగువకు పోవడం అరుదు కాదు. ఒంటి వేడి తగ్గిపోయినకొద్దీ వణుకు పుడుతుంది, మాట తడబడుతుంది, చేతులు చెప్పినట్లు వినవు. చివరకు ప్రాణానికే ముప్పు.

నా చెల్లెలు వద్దని అనలేదు. షరతులు పెట్టింది. మొదటిది, బయలుదేరక ముందే ఒక రాత్రి ఊరిలోనే ఆరుబయట పడుకొని చూడాలి. రెండవది, ఏ రాత్రి ఎక్కడ బస చేసేదీ కాగితంపై వ్రాసి, వెంట రాని ఒక మిత్రునికి ఇవ్వాలి. మూడవది, కట్టబోయే చెట్టును, తలపై కొమ్మలను పరికించి, ఎండినది ఉంటే మరో చోటు చూసుకోవాలి. నాలుగవది, ఆ అడవులలో నల్ల ఎలుగుబంట్లు ఉన్నవి కనుక తిండి వస్తువులను పడక దగ్గర ఉంచరాదు. అయిదవది, చలికి తాళలేకపోతే సిగ్గుపడక తిరిగి రావాలి.

వాడు ఒక మిత్రుని ఇంటి పెరటిలో ఉయ్యాల కట్టి పడుకొన్నాడు. అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికే వీపు మంచుగడ్డలా అయి లేచి లోపలికి పరుగెత్తాడట. మరునాడే ఫోమ్ చాప కొన్నాడు. ప్రయాణంలో మూడవ రాత్రి వాన, ఆపై ఈదురుగాలి. పట్టీ వెంట నీరు పడకలోకి పాకకుండా దానికి చిన్న దారపు ముక్క కట్టి వేలాడదీశాడు. నీరు ఆ దారం వెంట కిందికి జారిపోయింది. సుఖంగా నిద్రించాడు. సిగ్నల్ దొరికిన వెంటనే తల్లికి పంపిన సందేశంలో ఒకే మాట: “అమ్మీ, వీపు వెచ్చగా ఉంది.”

సోదర సోదరీమణులారా! దూరదేశాలలో ఉన్న మన పిల్లలు మనమెరుగని పనులు తలపెడుతూనే ఉంటారు. మనకు తెలియదన్న ఒక్క కారణంతో వద్దంటే వారు ఆ పని మానరు. మనకు చెప్పడం మాత్రమే మానుతారు. ఆ రోజు చెల్లెలి ఫోను అందగానే నేను నిషేధించి ఉంటే, వాడు నాకు సలాం చెప్పి, ఎవరికీ తెలియకుండా వీపు కింద ఏమీ లేకుండానే ఆ కొండ ఎక్కి ఉండేవాడు. వాడిని కాపాడినది నా అధికారం కాదు. ఉయ్యాల ఊపిన తల్లి అడిగిన చిన్న ప్రశ్న. ఇకపై మీ పిల్లలు ఇటువంటి మాట ఎత్తినప్పుడు, ఎందుకని నిలదీయడానికి ముందు ఎలాగని అడగండి. మీ ఇంటి అనుభవంలో వారికి అవసరమైనది తప్పక ఏదో ఒకటి ఉంటుంది.